ఈరమ్మ చీటీ మీద నేను రాయనిది

అడగని ప్రశ్న

కిందటి నెలలో నా స్నేహితురాలి కూతురు సుమ మా ఇంటికి వచ్చింది. నరాల డాక్టరు, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టింది. పార్శ్వపు నొప్పికి ఇప్పుడు బొటులినమ్ సూదులు వేస్తున్నామని కళ్ళు మెరుస్తుండగా చెప్పింది. నుదుటి మీద, కణతల దగ్గర, తల వెనక, మెడ మీద, భుజాల దాకా ముప్పై ఒక్క చోట్ల సన్నని సూదితో చుక్క చుక్క మందు. మూడు నెలలకోసారి మళ్ళీ వేయాలి. మా చదువు రోజుల్లో అది మందు కాదు, విషం. పాడైన డబ్బా తిండిలో పుడుతుందని, తిన్నవాడికి కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. దాన్నే రవ్వంత తీసి నొప్పికి వాడుతున్నారంటే నాకు సంతోషమే. కొత్తది కనబడగానే మూతి విరిచే ముసలిదాన్ని కాను. ఆ సూది మా కాలంలో ఉంటే అందరికంటే ముందు నేనే నుదురు చూపించేదాన్ని.

సుమ ఒక రోగి గురించి చెప్పింది. బ్యాంకులో పనిచేసే ఆవిడట. నెలలో ఇరవై రోజులు తలనొప్పేనట. వచ్చే వారం ఆమెకు సూదులు వేయబోతున్నారట.

"ఆమె నెలకు ఎన్ని నొప్పి మాత్రలు మింగుతుందో అడిగినావా?" అన్నాను.

"అందరూ ఏదో ఒకటి వేసుకునే వస్తారు కదా ఆంటీ. లెక్క అడగలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల కాఫీ తాగడం కూడా పూర్తి కాలేదు. "లెక్క అడగకుండా సూది పట్టుకునేదానికి నువ్వు పన్నెండేళ్ళు చదవాల్నా? మా కాంపౌండరు చాలడా?" అని కేకలు వేశాను. పాపం, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళమ్మ ఫోను చేసి నన్ను తిట్టింది.

అంత కోపం ఎందుకొచ్చిందో ఆ పిల్లకు ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు ఎమ్మిగనూరులో ఒక నేత మనిషి కుడిచేతి వేళ్ళు పోయాయి. అడగనిది నేను.

వేడి సూది

డెబ్భైల మొదట్లో హౌస్ సర్జన్సీ ముగించుకుని ఆదోనిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చేరాను. దాని యజమాని పెద్ద డాక్టరు. అందరూ పెద్దాయన అనేవారు. న్యాయంగా చెప్పాలంటే చెయ్యి తిరిగిన వైద్యుడు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి నడక చూసి జబ్బు చెప్పేవాడు. లేడీ డాక్టరంటే కాన్పులు చేయడానికే అని ఊరంతా అనుకునే రోజుల్లో, నన్ను కూర్చోబెట్టి అన్ని జబ్బులూ చూడనిచ్చాడు. ఆ మేలు నేను మరిచిపోలేదు. ఆయన నేర్పిన చెడు కూడా మరిచిపోలేదు.

ఆయన సిద్ధాంతం ఒకటే. మనిషికి మూడు నిమిషాలు. "నోరు తక్కువ వాడమ్మా. వివరంగా అడిగే డాక్టరును జనం నమ్మరు. ఈయమ్మకే ఏమీ తెలీదు, మనల్ని అడిగి తెలుసుకుంటాంది అనుకుంటారు" అనేవాడు.

ఆయన దగ్గర ఒక సూది ఉండేది. కాల్షియం. నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తే గొంతులో మొదలై ఛాతీ, పొట్ట, తొడలు దాటి అరికాళ్ళ దాకా వెచ్చగా పాకుతుంది. అంతే దాని మహిమ. కాల్షియం తక్కువైనవాళ్ళకు అది అవసరమే. కానీ నీరసానికి అదే, దిగులుకు అదే, అత్తాకోడళ్ళ తగువుకు అదే. జనం దాన్ని వేడి సూది అనేవారు. ఉరుకుంద జాతరకు వచ్చినవాళ్ళు తిరుగు బస్సు ఎక్కబోయే ముందు ఒళ్ళు నొప్పులకని ఒకటి వేయించుకుని పోయేవారు. సి.బెళగల్ నుంచి పొలం పని మానుకుని వచ్చేవారు. "సూది యాడేసినా ఏడి మాత్రం కాళ్ళ దాకా దిగల్లమ్మా. అప్పుడే మందు పని సేసినట్టు" అని నాకే పాఠం చెప్పేవారు. మొదటి నెల నవ్వుకున్నాను. మూడో నెలకల్లా నేనే వేస్తున్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

ఇక తలనొప్పితో వచ్చే ఆడవాళ్ళ సంగతి. వాళ్ళు ఒంటరిగా వచ్చేవారు కాదు. భర్తో అత్తో వెంట ఉండేవారు, మాట్లాడేది వాళ్ళే. "నాటకాలు మేడమ్. పని సెప్పినప్పుడే వస్తాది నొప్పి" అని ఒక పెద్దమనిషి భార్య ముందే అన్నాడు. ఆ అమ్మ ఒక కన్ను మూసుకుని, వాంతి ఆపుకుంటూ, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కుర్చీ ఖాళీగా ఉంటే దానిలో ఆయన కూర్చున్నాడు. "లేచి నిలబడు, ఆమె కూర్చోవాల" అని అరిచాను. పెద్దాయన లోపలి నుంచి దగ్గాడు. గొంతు తగ్గించమని దాని అర్థం.

మంత్రాలయం నుంచి ఒక బడిపంతులు గారి భార్య వచ్చేది. పదిహేను రోజులకోసారి సగం తల పగిలిపోయే నొప్పి. ఒక రోజు రద్దీ లేదు. ఆమెను కూర్చోబెట్టి ఎప్పుడెప్పుడు వచ్చిందో అడిగాను. తారీఖులు గుర్తులేవు, తిథులు గుర్తున్నాయి. పంచాంగం తెప్పించి వెనక్కి తిప్పితే ప్రతి నొప్పీ ఏకాదశి నాడే. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. కడుపు ఎండితే ఈ నొప్పి వస్తుందని చెప్పాను. వెంట వచ్చిన మామగారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆమె మాత్రం నెమ్మదిగా, "నీళ్ళు, పాలు తీసుకోవచ్చని మా అమ్మమ్మ చెప్పేది. మా పుట్టింట్లో అలాగే చేస్తారు" అంది. ఆ తర్వాత రెండు నెలలు నొప్పి రాలేదు. మందు లేదు, సూది లేదు. అడిగాను, అంతే.

పెద్దాయన మెచ్చుకుంటాడనుకున్నాను. "ఒక్క తలనొప్పికి అరగంటా? బయట నలభై మంది. ఇది ఆస్పత్రా, హరికథా?" అన్నాడు కాంపౌండరు ముందే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి అడగడం మానేశాను. ఆయన్ను తిట్టుకుంటూనే ఆయన చెప్పినట్టే నడిచాను. నా ఉద్యోగ జీవితంలో అంతకన్నా సిగ్గుమాలిన పని ఒక్కటే చేశాను. అది తర్వాత వస్తుంది.

నా గోడ మీది క్యాలెండరు

నాకు పదిహేనో ఏట నుంచి ఈ నొప్పి. ముందు కంటి ముందర వెలుగు గీతలు వంకర్లు తిరుగుతాయి. ఆ తర్వాత ఎడమ కణతలో సుత్తి పడుతుంది. వెలుతురు పడదు, చప్పుడు పడదు, పోపు వాసన పడదు. అందుకే దీన్ని నాటకం అనేవాళ్ళ మీద నాకు కోపం ఎక్కువ.

అప్పట్లో దీనికి ఒక మాత్ర ఉండేది, ఎర్గాట్ మాత్ర. మన సజ్జ కంకులకు తేనెబంక తెగులు వస్తుంది చూడండి, ఆ జాతి బూజు నుంచి తీసిన మందు. రక్తనాళాలను బిగదీస్తుంది. నొప్పి మొదలవుతుండగా వేసుకుంటే గంటలో మనిషి లేచి కూర్చుంటుంది. కానీ అది తలలో నాళాలనే బిగించి ఊరుకోదు. ఎక్కువైతే చేతుల్లో, కాళ్ళలో కూడా బిగిస్తుంది. ఇంకో మాయ ఉంది. తరచుగా వేసుకుంటే ఆ మాత్రే తలనొప్పిని తెచ్చిపెడుతుంది. నొప్పికి మాత్ర, మాత్రకు నొప్పి.

ఇదంతా నాకు తెలుసు. కాబట్టి నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. రోజుకు రెండు, వారంలో రెండు రోజులు, దాటకూడదు. వేసుకున్న ప్రతి రోజూ గోడ మీది క్యాలెండరులో పెన్సిలుతో అడ్డగీత గీసేదాన్ని. వారంలో రెండు గీతలు పడ్డాయంటే మూడో రోజు ప్రాణం పోతున్నా తడిగుడ్డ చుట్టుకుని చీకటి గదిలో పడుకునేదాన్ని. మాత్ర ముట్టలేదు.

ఈరమ్మ

డెబ్భైల చివర పెద్దాయన దగ్గర మానేసి ఎమ్మిగనూరులో నేతవాళ్ళ వీధుల పక్కనే సొంత క్లినిక్ పెట్టుకున్నాను. అక్కడికి వచ్చింది ఈరమ్మ. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళు ఉంటాయి. భర్త మగ్గం మీద కూర్చుంటాడు. ఈమె పని పడుగు అతకడం, అంటే మగ్గం మీద నిలువు పోగులు కలపడం. చీర అయిపోయినప్పుడు పాత పడుగు కొసలు మగ్గం మీదే ఉంటాయి. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే తీసుకుని, కాస్త బూడిద అద్ది, చూపుడు వేలికీ నడిమి వేలికీ బొటనవేలికీ మధ్య మెలిపెట్టి పాతదానికి కలపాలి. వేల పోగులు. ఒక్కటి వదులైనా మగ్గం మీద తెగుతుంది. ఈరమ్మ అతికితే తెగదని ఆ వీధిలో పేరు. మూడు నాలుగు వీధుల వాళ్ళు ఆమె కోసం మగ్గాలు ఆపుకుని కాచుకునేవారు.

మగ్గాల చప్పుడు మధ్య ఆమెకు ఈ నొప్పి. తలకు గుడ్డ బిగించి కట్టుకుని వచ్చింది. ముక్కులో తుమ్మి ఆకు పసరు పోసుకుంది. కణత మీద రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ. ఏమిటని అడిగితే వెంట వచ్చిన అత్త, "నేనే సురక పెట్టినా. తగ్గుతాదంటే పెట్టినా" అంది. "నీ కణతకు పెడతా, తగ్గుతాదేమో సూద్దామా?" అన్నాను. అత్త చటుక్కున వెనక్కి జరిగింది. ఈరమ్మ నవ్వింది. నొప్పిలో కూడా నవ్వింది.

"నాకూ ఇదే నొప్పి ఈరమ్మా. నాటకం కాదు, జబ్బు" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. "నిజంగానా డాక్టరమ్మా? డాక్టర్లకు గూడ వస్తాదా?" అంది.

చీటీ రాశాను. నొప్పి వచ్చినప్పుడు ఒకటి, తగ్గకపోతే మరొకటి. అంతే రాశాను. బయట జనం తలుపు తోసుకుంటున్నారు. మూడు నిమిషాలు దాటిపోయింది.

వారం తిరిగాక వచ్చి నా చేతులు పట్టుకుంది. "ఇన్నేండ్లకు తల తేలికైనాదమ్మా. నువ్వు సల్లగుండల్ల" అంది. నేను పొంగిపోయాను. ఆ పొంగులో కూడా ఎన్ని వేసుకున్నావని అడగలేదు.

మా ప్రాంతంలో డాక్టరు రాసిన చీటీకి చావు లేదు. ప్లాస్టిక్ కాగితంలో మడిచి దేవుని పటం వెనక పెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి అదే చీటీ చూపి మందులు తెచ్చుకుంటారు. పక్కింటి ఆమెకు అదే జబ్బనిపిస్తే చీటీ ఇచ్చి పంపుతారు, జల్లెడో రోకలో ఇచ్చినట్టు. నాకు ఇది తెలియక కాదు. ఆదోనిలో పదేళ్ళ నాటి చీటీలు చూసి నవ్వుకున్నదాన్నే.

ఏడాది పైగా ఈరమ్మ నా దగ్గరకు రాలేదు. తగ్గిపోయిందనుకున్నాను. ఆమెకు రావాల్సిన అవసరం లేకపోయింది, చీటీ ఉంది కదా.

ఆమె చెయ్యి నా చేతిలో

మళ్ళీ వచ్చింది చలికాలంలో. "వేళ్ళు జోమెక్కుతాండాయి డాక్టరమ్మా. పోగు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలీదు. సల్లగ అయిపోతాండాయి" అంది.

చెయ్యి పట్టుకుని చూశాను. మంచు ముక్క. "రక్తం తక్కువ. పైగా చలి. ఒకటే పని చేస్తాండావు" అన్నాను.

"ఆదోనిలో ఏడి సూది ఏస్తారంట గదా. అది ఏయమ్మా, పండగ పడుగులు శానా ఉండాయి."

చల్లబడిన చేతికి వేడి సూది. పెద్దాయన ఉంటే భేష్ అనేవాడు. వేశాను. ఆమె కళ్ళు మూసుకుని, "వస్తాంది, వస్తాంది, వేళ్ళ దాకా వచ్చినాది" అని సంతోషంగా చెప్పింది. లేచి నడుచుకుంటూ పోయింది.

ఇక్కడ ఆగి చదవండి, ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలూ. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. నా బొటనవేలు ఆమె మణికట్టుకు అంగుళం దూరంలో ఉంది. నాడి చూడలేదు. ఏం మందులు మింగుతున్నావని అడగలేదు. మొదటి ఏడాది విద్యార్థి చేసే పని నేను చేయలేదు. ఇందాక చెప్పిన సిగ్గుమాలిన పని ఇదే.

తొమ్మిదో రోజు భర్త పట్టుకుని తెచ్చాడు. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు కొసలు నల్లబడ్డాయి. అప్పుడు మణికట్టు పట్టుకున్నాను. నాడి దొరకలేదు.

"ఏం మందులు మింగుతాండావు ఈరమ్మా?"

"నువ్విచ్చినవే."

"ఎన్ని?"

"పొద్దున మగ్గం కాడికి పోకముందే రెండు. మధ్యాన్నం రెండు. నొప్పి ఆగకపోతే ఇంగో రెండు."

"దినమూనా?"

"దినమూ. మానితే తల పగిలిపోతాది గదమ్మా."

మాత్రలన్నీ ఆపించి, ఆ గంటలోనే కారు మాట్లాడి కర్నూలు పెద్దాసుపత్రికి పంపాను. పోబోతూ ఆమె రవికెలోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టింది. అక్కడి డాక్టర్లు కొత్త చీటీ ఇస్తారు కదా, ఇది పోతుందేమో, దాచిపెట్టమని.

యాడుంది?

ఆ చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పోయాను. ఖాదర్ సాబు పెద్దవాడు, నెమ్మదస్తుడు. ఎదుట నలుగురు గిరాకీలు ఉండగానే చీటీ బల్ల మీద కొట్టి, "మనిషివేనా నువ్వు? ఇన్ని మాత్రలు ఎట్లిచ్చినావు?" అని కేకలేశాను.

ఆయన అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. చీటీ సాపు చేసి పైకి చదివాడు. చదివి, "నొప్పి వచ్చినప్పుడు అని రాస్తిరి మేడమ్. వచ్చినాదంటే నేనిస్తిని. ఇంత కంటే ఎక్కువొద్దని యాడుంది? సూపించండి. ఈ చీటీ పట్టుకొని ఇంకా నలుగురు ఆడోళ్ళు వస్తారు, వాళ్ళకూ ఇస్తాండా" అన్నాడు.

ఆయన తప్పు లేదని నేను అనను. నెలకు ఇన్ని మాత్రలు పోతుంటే నాకు ఒక మాట చెప్పాల్సింది. కానీ ఆ రోజు చీటీ మడిచి తీసుకుని, ఆ నలుగురు ఎవరని మాత్రం అడిగాను.

నలుగురి ఇళ్ళూ తెలుసుకుని వెళ్ళాను. ఇద్దరి చేతులు అప్పటికే చల్లబడుతున్నాయి. అందరి మాత్రలూ ఆపించాను. ఆపిన మొదటి పదిరోజులు నొప్పి రెండింతలవుతుంది. "ఉన్న మందు గూడ గుంజుకొని పాయ, ఈయమ్మ చేతులిరగ" అని వీధి వీధంతా నన్ను తిట్టారు. రోజూ పోయి తిట్లు తిని, తడిగుడ్డలు వేసి, పక్కన కూర్చుని వచ్చాను. మూడో నెలకు ముగ్గురికి నొప్పి నెలలో రెండు రోజులకు దిగింది. నాలుగో ఆమెకు తగ్గలేదు. ఆమె మళ్ళీ నా గుమ్మం తొక్కలేదు.

ఆదోనికి పోయి పెద్దాయనకు జరిగింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "చీటీ నీ దగ్గరే ఉంది గదా? చించెయ్. వాళ్ళు కేసులు గీసులు పెట్టే రకం కాదు" అన్నాడు. ఆయనకు నమస్కారం కూడా పెట్టకుండా లేచి వచ్చాను. మళ్ళీ ఆయన ముఖం చూడలేదు. ఆయన చనిపోయినప్పుడు కూడా పోలేదు. దానికి నాకు పశ్చాత్తాపం లేదు.

సుమా, నీ సూది మంచిదే అయ్యుండొచ్చు. కానీ రోజూ మాత్ర మింగే మనిషికి తలనొప్పిలో సగం ఆ మాత్రదే అయితే, ముప్పై ఒక్క చోట్ల కాదు, మూడువందల చోట్ల పొడిచినా ఆ లెక్క నీకు తెలియదు. సూది వేస్తే రోగి డాక్టరును నమ్ముతుంది. ఆ నమ్మకం మత్తులో అడగడం మరిచిపోతాం. ఎన్ని అని అడుగు. ఎన్నింటికి మించకూడదో చీటీ మీద రాయి, చదవలేనివాళ్ళకు చుక్కలు పెట్టి చూపించు. మూడు నిమిషాలు దాటితే దాటనీ. బయట తలుపు కొట్టేవాణ్ణి కొట్టుకోనీ.

గోడ వైపు చూసింది

ఈరమ్మ నెలన్నర తర్వాత ఇంటికి వచ్చింది. రెండు వేళ్ళు మొదటి కణుపు దాకా తీసేశారు. నాలుగు రోజులు వెనకాడి, అయిదో రోజు చీటీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

మగ్గం ముందు ఆమె ఆడబిడ్డ కూర్చుని పడుగు అతుకుతోంది. ఈరమ్మ పక్కన కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "బిగువుగ మెలిపెట్టు. ఇంగా బిగువుగ" అని చెబుతోంది. చూస్తుండగానే ఒక పోగు ఊడింది. ఈరమ్మ అలవాటుగా చెయ్యి చాపి, చాపిన చేతిని చూసుకుని, వెనక్కి తీసుకుంది.

నా మాత్ర వల్లే ఇట్లా అయిందని చెప్పాను. చీటీ మీద నేను రాయాల్సింది రాయలేదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆమె ఎడమచేత్తో ఊడిన పోగు తీసి ఆడబిడ్డకు అందించింది. ఆ తర్వాత, "నీకూ ఈ నొప్పే అంటివి గదమ్మా. నువ్వు ఎన్ని మింగుతావు?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "దినానికి రెండు. వారానికి రెండు దినాలు. అంతే" అన్నాను.

"దాటిపోకుండ ఎట్ల గుర్తు పెట్టుకుంటావు?"

"క్యాలెండరులో గీత గీసుకుంటా."

ఈరమ్మ తల తిప్పి గోడ వైపు చూసింది. నూలు దుకాణం వాళ్ళు ఇచ్చిన క్యాలెండరు అక్కడ వేలాడుతోంది. పడుగులు ఇవ్వాల్సిన రోజులకు బొగ్గుతో చుక్కలు పెట్టి ఉన్నాయి, వరసగా, ఒక్కటీ తప్పకుండా.

"గీతలు పెట్టేది నాకూ వస్తాది గదమ్మా" అంది.